ఆసుపత్రి సిబ్బందికి ఇన్‌ఫెక్షన్ పాఠాలు ఆన్‌లైన్‌లో: ఏది పెట్టుకోవాలి, ఏది వద్దు

మా దగ్గర మొదటిసారి పెట్టిన ఆన్‌లైన్ శిక్షణ కాగితం మీద చూస్తే బ్రహ్మాండం. 42 నిమిషాల వీడియో, చివర పది ప్రశ్నలు. 26 మంది రాస్తే 24 మందికి పదికి పది. సర్టిఫికెట్లు ప్రింటు తీయించి రిసెప్షన్ గోడకి అంటించారు కూడా. మర్నాడు పొద్దున రౌండ్సుకి వెళ్తే, వాడేసిన గ్లోవ్స్ సర్ఫు నీళ్ళలో ఉతికి కిటికీ చువ్వలకి వరసగా ఆరేసి ఉన్నాయి. ఆరేసిన ఆయమ్మకీ పదికి పదే. అడిగితే, "ఉతకొద్దని వీడియోలో ఎక్కడా చెప్పలేదు కదండీ" అంది. నిజమే, చెప్పలేదు. "రోగి రోగికీ గ్లోవ్స్ మార్చవలెను" అని మాత్రం చెప్పాం. ఆవిడ మార్చింది, ఉతికినవి వేసుకుని.

ఆ ఆసుపత్రి పేరు అనవసరం. భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం, రావులపాలెం, ఎక్కడ చూసినా అలాంటి 20, 30 పడకల నర్సింగ్ హోములే. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా పనిచేసి, ఆ తర్వాత నాలుగైదు చోట్ల ఇలాంటి శిక్షణలు తయారుచేయడంలో చెయ్యి పెట్టాను కాబట్టి, "మా వాళ్ళకీ ఆన్‌లైన్‌లో ఏదైనా పెడదామండీ, ఏది మంచిది?" అని తరచూ అడుగుతుంటారు. ఈ రాసేది వాళ్ళకోసం.

శిక్షణ ఇవ్వకుండా ఊరుకోవడం అనే దారి లేదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఉద్యోగంలో చేరినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి ఒకసారైనా శిక్షణ ఇవ్వాలి. ఎంతమందికి ఇచ్చారో, ఎంతమందికి ఇవ్వలేదో వార్షిక నివేదికలో చూపించాలి. అందుకే చాలాచోట్ల ఆన్‌లైన్ అనగానే ముందు సర్టిఫికెట్ గుర్తొస్తుంది. నేను మాత్రం ఏ పద్ధతినైనా ఒక్క ప్రశ్నతో తూస్తాను. ఇది పెట్టాక, మంచం పక్కన నిలబడి చేతులెలా కదులుతున్నాయో చూడ్డానికి ఒక మనిషి, కాస్త టైము మిగులుతాయా? డబ్బూ ఓపికా మొత్తం కోర్సుకే అయిపోతే ఆ కోర్సు ఎంత బాగున్నా మీకు పనికిరాదు.

తయారుగా దొరికే కోర్సులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆన్‌లైన్‌లో ఇన్‌ఫెక్షన్ నివారణ పాఠాలు ఉచితంగా పెట్టింది, సర్టిఫికెట్టూ ఇస్తుంది. ప్రభుత్వ ఉద్యోగులకైతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఐగాట్ కర్మయోగి ఉంది. కోవిడ్ వచ్చిన 2020లో దీక్ష వేదిక మీద ఐగాట్ పాఠాలు చూసినవాళ్ళు పీహెచ్‌సీల్లో చాలామందే ఉంటారు. పైసా ఖర్చు లేదు, విషయం తప్పుల్లేకుండా ఉంటుంది, తయారుచేసే తలనొప్పి అసలే లేదు. డాక్టర్లకి, ఇంగ్లీషు ఇబ్బంది లేని స్టాఫ్ నర్సులకి పునాది కావాలంటే వీటిని మించినవి మీరు చేయలేరు, ప్రయత్నించి టైము పాడుచేసుకోకండి.

చిక్కల్లా రంగుల దగ్గర వస్తుంది. వాడిన సూదులు, బ్లేడ్లు పసుపు డబ్బాలో వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి. మన దేశంలో అవి తెల్లటి, గుచ్చినా చిల్లు పడని డబ్బాలోకి వెళ్ళాలి. మన దగ్గర పసుపు సంచి రక్తం అంటిన దూదికి, గాజుగుడ్డకి, కోసి తీసిన శరీర భాగాలకి. బయటి కోర్సు శ్రద్ధగా చూసిన కొత్త సిస్టర్ సూదిని పసుపు సంచిలో వేసిందనుకోండి, తప్పు ఆవిడది కాదు. కానీ ఆ సంచిని మూటగట్టి భుజాన వేసుకునేవాడి వీపులో దిగేది ఆ సూదే. కాబట్టి బయటి కోర్సు వాడితే వ్యర్థాల పాఠాన్ని అందులోంచి తీసేసి, ఆ ఒక్కటీ మీ సొంతంగా చెప్పుకోండి.

జూమ్ క్లాసు

డ్యూటీలు మూడు షిఫ్టులు. మధ్యాహ్నం మూడింటికి క్లాసంటే నైట్ డ్యూటీ చేసినవాళ్ళు నిద్రలో ఉంటారు, పొద్దుటి షిఫ్టు వాళ్ళు ఇంటికెళ్ళే బస్సులో ఉంటారు. కెమెరా ఆపేసి వంట చేసుకుంటూ వినేవాళ్ళు కొందరు. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి మీటింగు కట్ అయిపోతుంది. అది మంచిదే అంటాను, అంతకు మించి ఎవరూ వినరు.

అయినా జూమ్‌ని పూర్తిగా కొట్టిపారేయను, గాజుల సంగతి వల్ల. రోగిని ముట్టుకునేటప్పుడు ఉంగరాలు, గాజులు ఉండకూడదని ఏ కోర్సయినా ఒక్క ముక్కలో చెప్పి దాటేస్తుంది. మన దగ్గర పెళ్ళయిన ఆడమనిషిని మట్టిగాజులు తీసెయ్యమంటే ఒక్క ముక్కలో తేలే వ్యవహారమా? ఒకసారి క్లాసులో ఇదే మాట వచ్చి పావుగంట నడిచింది. అత్తగారేమంటుందని ఒకరు, శ్రావణ మాసంలో ఎలాగని ఇంకొకరు. చివరికి తీర్పు చెప్పింది నేను కాదు, పాతికేళ్ళ సర్వీసున్న ఒక హెడ్ నర్సు. "డ్యూటీ చీర కట్టుకునేటప్పుడే గాజులు తీసి ఇంటి చీర మడతలో పెడతానమ్మా. వెళ్ళేటప్పుడు మళ్ళీ వేసుకుంటా. మెళ్ళో సూత్రం ఉంది కదా, చాలదా?" అందావిడ. ఆ మాటతో నలుగురు మారారు. రికార్డు చేసిన ఏ వీడియో చేయలేని పని అది. అభ్యంతరం ఉన్న విషయానికి, మనసులో సంకోచం ఉన్న విషయానికి ముఖాముఖి మాట కావాలి.

ఇంకో రకం లైవు ఉంది. హెపటైటిస్-సి వైద్యాన్ని మారుమూల డాక్టర్లకి నేర్పడానికి 2003లో న్యూమెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా మొదలుపెట్టిన ఎకో పద్ధతి. మధ్యలో నిపుణులు, చుట్టూ చిన్న కేంద్రాలు, ప్రతిసారీ ఎవరో ఒకరు తమ దగ్గరి నిజం కేసు చెప్తారు, అందరూ దాని మీద మాట్లాడతారు. మనకి కాకినాడలో, అమలాపురంలో వైద్య కళాశాలలున్నాయి. అక్కడి మైక్రోబయాలజీ విభాగం నుంచి ఒక్కరు నెలకో గంట ఇచ్చినా పది నర్సింగ్ హోములు కలిసి కూర్చోవచ్చు. "మా దగ్గర సిజేరియన్ కుట్లు చీము పట్టాయండీ, వరసగా మూడు" అని దాపరికం లేకుండా చెప్పగలిగితే అంతకన్నా గొప్ప పాఠం లేదు. చెప్పగలగాలి కదా, పక్క ఆసుపత్రి వాళ్ళు వింటుంటే! అందుకే ఇది ఒకే యాజమాన్యం కింద ఉన్నవాళ్ళకీ ప్రభుత్వ ఆసుపత్రులకీ కుదిరినంత బాగా, పోటీలో ఉన్న ప్రైవేటు వాళ్ళకి కుదరదు.

మీ ఫోనుతో మీరే తీసుకునే వీడియోలు

నా ఓటు దీనికే. అందుకని దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

ఒక్కో వీడియో మూడు నిమిషాలు దాటకూడదు, అందులో ఒక్కటే పని ఉండాలి. మేము తీసిన వాటిలో అందరికీ గుర్తుండిపోయినది సెలైన్ వీడియో. ఒకే మంచం, ఒకే సెలైన్, తీసేశాక ఏది ఎక్కడికి అన్నదే కథ. సూది తెల్ల డబ్బాలోకి. ప్లాస్టిక్ బాటిలు, గొట్టం, సూది తీసేసిన సిరంజి, గ్లోవ్స్ ఎర్ర సంచిలోకి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. ఇంజెక్షన్ మందు గాజు సీసా నీలం డబ్బాలోకి. సిరంజి పైన కాగితం కవరు మామూలు చెత్తలోకి. ఒక్క సెలైన్‌కి అయిదు దారులు. గోడకి అంటించిన చార్టులో ఇవన్నీ ఏళ్ళ తరబడి ఉన్నాయి, ఎవరికీ ఎక్కలేదు. వాళ్ళు రోజూ తోసే ట్రాలీ మీద, వాళ్ళకి తెలిసిన చేతులు ఆ పని చేస్తుంటే చూశాక ఎక్కింది.

హైపో, అంటే క్రిములు చంపడానికి వాడే సోడియం హైపోక్లోరైట్, కలపడం కూడా అంతే. 1 శాతం ద్రావణం కావాలని పుస్తకం చెప్తుంది. స్టోర్లో ఉన్న డబ్బా మీద 5 శాతం అని ఉంటే ఒక మగ్గు హైపోకి నాలుగు మగ్గుల నీళ్ళు. పక్క ఊరి ఆసుపత్రి కొన్నది 10 శాతం అయితే తొమ్మిది మగ్గులు. బయట తయారైన ఏ కోర్సుకీ మీ స్టోర్లో ఏ డబ్బా ఉందో తెలియదు. మీ వీడియోలో ఆ డబ్బానే చూపించండి, లేబుల్ మీద అంకె దగ్గరికి కెమెరా తీసుకెళ్ళండి, మీ వార్డులో ఉన్న మగ్గుతోనే కొలవండి. రోజూ తాజాగా కలుపుకోవాలని, నిన్నటిది పారబొయ్యాలని అక్కడే చెప్పండి. వేరే కంపెనీ సరుకు వచ్చిన రోజు ఆ వీడియో మళ్ళీ తీయాలి. ఫోనుతో అయితే అది పది నిమిషాల పని.

భాష గురించి ఒక మాట. అనువాదం చేయించిన పాఠాల్లో "హస్త పరిశుభ్రత", "సంక్రమణ నివారణ", "క్రిమిసంహారక ద్రావణం" అని ఉంటాయి. వార్డులో ఎవరూ అలా అనరు. చేతులు కడుక్కోవడం, చీము పట్టకుండా చూసుకోవడం, హైపో. గొంతు మీ హెడ్ నర్సుదే అయితే మరీ మంచిది. "ముందు చేతులు కడుక్కోండమ్మా, ఆయ్, మీకే చెప్తున్నా" అని గోదావరి యాసలో వినిపిస్తే నవ్వుకుంటూనే వింటారు. హైదరాబాద్ స్టూడియో గొంతుతో చేయించిన పాఠం మా ఆయమ్మలకి టీవీ వార్తల్లా అనిపించింది. విన్నారు, వాళ్ళకి సంబంధం లేనట్టు విన్నారు.

రోగిని తీయకండి. రోగి స్థానంలో వార్డు బాయ్‌ని పడుకోబెట్టండి. ముఖం ఒక్కటే కాదు, వెనక బోర్డు మీద రోగుల పేర్లు, మంచానికి తగిలించిన కేస్ షీటు కూడా ఫ్రేములోకి రాకుండా చూసుకోండి. ఇది చాలామంది మర్చిపోయేది.

వాట్సాప్ గ్రూపులో పంపడం తేలికే కానీ రెండు లోపాలున్నాయి. ఎవరు పూర్తిగా చూశారో తెలియదు, నీలం టిక్కులు చూసి మోసపోకండి. పంపినది వెనక్కి రాదు. కోవిడ్‌లో కొరత ఉన్న రోజుల్లో ఎన్95 మాస్కుని మళ్ళీ మళ్ళీ ఎలా వాడుకోవాలో చెప్పిన వీడియోలు కొన్ని గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి ప్రతి వీడియో మొదట్లో నెల, సంవత్సరం పెద్ద అక్షరాలతో చూపించండి. రికార్డు కోసం స్టాఫ్ నర్సులకి గూగుల్ ఫారం సరిపోతుంది. చదవడం రాని ఆయమ్మలకి ఆ ఫారం పెడితే కూతురో కొడుకో నింపి పంపేస్తారు. మా 24 మందికి పదికి పది వచ్చిన రహస్యంలో కొంత అదే అని నా అనుమానం. వాళ్ళకి ఒక ఫోటో పంపి, "ఇది ఏ డబ్బాలో వేస్తావు?" అని అడిగి వాయిస్ మెసేజ్ పెట్టమనండి. గొంతు ఎవరిదో మీకు తెలుస్తుంది, పేరు పక్కన తేదీ రాసుకుంటే అదే రికార్డు.

కొందరికి వీడియో కూడా ఎక్కువే. ఇంట్లో ఒక్కటే స్మార్టు ఫోను, అది పిల్లల చేతిలో. లంక గ్రామాల్లో సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. ఫీల్డుకి తిరిగే ఏఎన్ఎంలకి, ఆశాలకి ఆడియో పాఠం మేలు. నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగేలోపు వినేసేంత చిన్నది చాలు. ఆశా కార్యకర్తలకి ఫోన్ కాల్ రూపంలోనే పాఠాలు వినిపించే మొబైల్ అకాడమీ ఇదే ఆలోచన మీద బీహార్‌లో మొదలైంది. సూది గుచ్చుకుంటే ఏం చేయాలన్నది ఆడియోకి సరిగ్గా సరిపోయే పాఠం. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, సబ్బు నీళ్ళతో కడగాలి, వెంటనే పైవాళ్ళకి చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందు అవసరమైతే వీలైనంతవరకు రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. హెపటైటిస్-బి టీకా వేసుకోనివాళ్ళకి సూదితో వచ్చే ముప్పు హెచ్‌ఐవీ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అన్నది కూడా ఇందులోనే చెప్పండి. ఇది విన్నాక టీకా ఎప్పుడు వేస్తారని అడుగుతారు. అడగాలనే కదా మన తాపత్రయం.

మూడిల్, కంపెనీ కోర్సులు

మూడిల్ ఉచిత సాఫ్ట్‌వేరు. ఎవరు ఎంతవరకు చూశారో, ఏ ప్రశ్న తప్పు చేశారో అన్నీ లెక్క కడుతుంది. దాని యాప్‌లో పాఠం దించుకుని నెట్ లేనప్పుడు కూడా చూసుకోవచ్చు. కానీ సాఫ్ట్‌వేరు ఉచితమంటే నడపడం ఉచితమని కాదు. సర్వర్ అద్దె, అప్‌డేట్లు, పాస్‌వర్డ్ మర్చిపోయానంటూ రోజూ వచ్చే ఫోన్లు చూసుకోడానికి ఒక మనిషి ఉండాలి. రెండు మూడు వందల మంది ఉన్న ఆసుపత్రికో, ఏటా కొత్త బ్యాచ్ వచ్చే నర్సింగ్ కాలేజీకో ఇది లాభం. 30 పడకలకి పెడితే కాలవ దాటడానికి ఓడ కొన్నట్టే.

కంపెనీకి డబ్బిచ్చి చేయించుకోవడం నాకు అంతగా నచ్చదు, కానీ బొమ్మలు, యానిమేషన్లు అవసరమైనచోట తప్పదు. సంతకం పెట్టే ముందు మూడు అడగండి. వీడియోల అసలు ఫైళ్ళు మనకిస్తారా? కోర్సుని స్కార్మ్ ఫైలుగా ఇస్తారా, అంటే రేపు వేరే వేదిక మీదకి మార్చుకోవచ్చా? నిబంధన మారితే ఒక్క స్లైడు దిద్దడానికి ఎంత తీసుకుంటారు? మూడోదానికి నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.

తెర నేర్పలేనిది

గ్లోవ్స్ తీయడం వీడియోలో వందసార్లు చూడొచ్చు. చేతికి రాదు. దీనికి వంటింట్లో దొరికే పసుపు చాలు. గ్లోవ్స్ వేసుకున్నాక రెండు చెంచాల పసుపు నూనెలో కలిపి అరచేతుల్లో పోసి బాగా రుద్దమనండి. ఇప్పుడు తీయమనండి. మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని, లోపలిది బయటికి వచ్చేలా ఒకటి ఒలిచెయ్యాలి. దాన్ని గ్లోవు ఉన్న చేతి గుప్పిట్లోనే ఉంచి, ఒట్టి చేతి వేలు రెండోదాని అంచు లోపలికి దూర్చి అదీ ఒలవాలి. తొందరపడ్డవాళ్ళందరికీ మణికట్టు మీద పసుపు గీత పడుతుంది. "అదే రక్తమైతే?" అని ఎవరూ అడగక్కర్లేదు, ఆ గీత వంక వాళ్ళే చూసుకుంటారు.

హ్యాండ్ రబ్‌కీ, అంటే చేతులకి రుద్దుకునే శానిటైజర్‌కీ, ఇదే పరీక్ష. కళ్ళు మూసుకుని పసుపు నూనె 20, 30 సెకన్లు చేతులకి పట్టించమనండి. కళ్ళు తెరిస్తే బొటనవేళ్ళు, వేళ్ళ కొసలు తెల్లగానే మిగిలి ఉంటాయి. రోగిని ఎక్కువగా తాకేవి అవే. ఆ మరక రెండు రోజులు పోదు, ఇంటికెళ్ళి చెప్పుకోడానికి ఒక కథ దొరుకుతుంది.

ఆ పైన, వారానికి రెండుసార్లు పది నిమిషాలు వార్డులో ఒక మూల నిలబడి చూడటం. రోగిని ముట్టుకునే ముందు, సూది లేదా డ్రెస్సింగు పనికి ముందు, రక్తం లాంటివి తగిలే పని తర్వాత, రోగిని ముట్టుకున్నాక, రోగి మంచాన్నీ సామాన్లనీ ముట్టుకున్నాక. ఈ అయిదు సందర్భాల్లో చేతులు శుభ్రం చేసుకున్నారా లేదా అని కాగితం మీద గీతలు పెట్టుకోండి. నేను చూసినంతలో ఎక్కువగా తప్పేది చివరిదే. మంచం పట్టీ సర్ది, అదే చేత్తో పక్క మంచానికి వెళ్ళిపోతారు. మనుషుల పేర్లు రాయకండి, షిఫ్టు పేరు రాయండి. పేరు రాస్తే మీరు వచ్చినప్పుడే కడుగుతారు.

మరి మీకేది?

20, 30 పడకలైతే సొంత వీడియోలు ఎనిమిదో పదో, నెలకో జూమ్, పసుపు పరీక్ష. కొత్తగా చేరే స్టాఫ్ నర్సులకి అదనంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ కోర్సు. మూడిల్ ఊసెత్తకండి. నర్సింగ్ కాలేజీ అయితే మూడిల్ పెట్టుకోండి, వీడియోలు విద్యార్థులతోనే తీయించండి. తీసినవాళ్ళే బాగా నేర్చుకుంటారు. పీహెచ్‌సీ, సబ్‌సెంటర్ వాళ్ళకి ఐగాట్ ఎలాగూ ఉంది. దానికి తెలుగు ఆడియోలు, ఎకో తరహా నెలవారీ మాట కలిపితే చాలు. ల్యాబ్ ఒక్కటే నడిపేవాళ్ళయితే నాలుగు వీడియోలతో పని అయిపోతుంది.

ఎప్పుడు పెట్టాలన్నది కూడా చూసుకోండి. సంక్రాంతి వారంలో ఎవరూ దొరకరు. జులై, ఆగస్టులు గోదావరి వరదలవి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో శిక్షణ మాట ఎత్తితే కొట్టేవాళ్ళు. ఏటి గట్టు మీద వైద్య శిబిరంలో నెట్ ఉండదు కాబట్టి జూన్‌లోనే వీడియోలు, ఆడియోలు ఫోన్లలోకి దించి పెట్టుకోమనండి. నీళ్ళ బకెట్టు, సబ్బు, హైపో మాత్రమే ఉన్నచోట ఏం చేయాలో చెప్పే వీడియో ఒకటి విడిగా తీసి ఉంచుకోండి.

ఇంతకీ ఆ కిటికీ చువ్వల గ్లోవ్స్ సంగతి. రెండు మూడు రోజుల తర్వాత ఆయమ్మ పక్కన కూర్చుని టీ తాగుతూ మళ్ళీ అడిగాను, ఎందుకు ఉతికావని. "వారానికి ఒక్క డబ్బా ఇస్తారండి మా వార్డుకి. బుధవారానికి అయిపోతుంది. మిగతా రోజులు ఏం చెయ్యమంటారు?" అంది. ఆ ఆసుపత్రికి మేము తర్వాత తీసిన మొదటి వీడియో ఆయమ్మలకి కాదు, స్టోర్ చూసుకునే అబ్బాయికి. ఒకటిన్నర నిమిషం. ఎన్ని గ్లోవ్స్ కావాలో అడిగే ఇండెంటు ఎలా లెక్క వేయాలో.